కటింగ్ మిషన్ కొనేలోపు

నలభై దాటిన మగవాడు ఏదో ఒకటి కొనాలనుకుంటాడు. నా తోటివాళ్ళలో ఒకాయన పెద్ద చప్పుడు చేసే బండి కొన్నాడు, ఇంకొకాయన మోమిన్‌పేట్ దగ్గర ఎకరం పొలం కొని దానికి ఒక్కసారే పోయివచ్చాడు. నేను స్టిక్కర్ అక్షరాలు కోసే మిషన్ కొందామనుకున్నాను. వికారాబాద్‌లో నాది ఆఫీసు ఉద్యోగం. ఒకరు రాసింది ఇంకొకరికి పంపడమే పని. నా చేతిలో పుట్టిన అక్షరం గోడెక్కితే చూడాలని ముచ్చట. అప్పటికే ఏడాదిగా బ్లేడూ స్కేలూ పట్టుకుని చేత్తోనే కోస్తూ, మా వీధిలో సగం ఇళ్ళకు నంబర్లు అంటించాను. మిగతా సగం వాళ్ళు నన్ను చూసి తలుపు తీయడం మానేశారు.

ఆ వేసవిలో తాండూర్‌లో మా అక్క ఇంటికి పోయాను. బావకు బండలు పాలిష్ చేసే మిల్లు ఉంది. ఇంటి నుంచి మిల్లు మీదుగా బడికి పోయే మట్టితోవ పక్కన, ఎప్పుడో బండ తీసి వదిలేసిన గుంత ఒకటుంది. బండ తీసిన వరుసలు మెట్లలాగా లోపలికి దిగుతాయి. అడుగున పచ్చటి నీళ్ళు, కదలకుండా. ఒక రాయి వేశాను. చప్పుడు నేను అనుకున్నదానికంటే ఆలస్యంగా వచ్చింది.

అక్క బిడ్డకు పదకొండేళ్ళు. బడికి సైకిలు మీద ఆ తోవనే పోతుంది. వానలకు గుంత నిండితే తోవ ఎక్కడ ఆగిందో నీళ్ళు ఎక్కడ మొదలయ్యాయో తెలియదని, ఎండలు పోయేలోపే అక్కడొక బోర్డు పెట్టించాలని బావ అన్నాడు. పెయింటర్‌కు చెప్పాడు కూడా.

"పెయింటర్ ఎందుకు బావా, నేను మిషన్ కొంటున్న. లైటు పడితే మెరిసే రేడియం అక్షరాలు కోసిస్త" అన్నాను. ఆ మాట అనడానికి నాకు అర నిమిషం పట్టింది.

మా వైపు బామ్మర్ది ఒక పని మీదేసుకున్నాక దాన్ని బయటివాళ్ళకిస్తే, ఆ బామ్మర్దిని నలుగురిలో తీసిపారేసినట్టు. బావ అదే సాయంత్రం పెయింటర్‌ను రావద్దన్నాడు. పెయింటర్ నొచ్చుకోలేదట. "ఆయన మిషిని కొనేలోపు గుంత నిండుతది తియ్యి" అన్నాడని అక్క ఫోన్‌లో చెప్పి నవ్వింది. నేనూ నవ్వాను.

మిషన్ చూడటం మొదలుపెట్టాను. మొదట టేబుల్ మీద పట్టే చిన్నది నచ్చింది. అడుగు వెడల్పు కాగితం తీసుకుంటుంది, ముద్దుగా ఉంటుంది, పెండ్లికార్డులు కోసుకునేవాళ్ళకు సరిపోతుంది. కానీ రేడియం షీటు మందం, ఆ చిన్న బ్లేడు గీత పెడుతుందే తప్ప తెగేలా కోయదన్నారు. తర్వాత స్టాండుతో వచ్చే రెండడుగులది చూశాను. దానికి బలం ఉంది గానీ, తెలుగు ఇస్తే అక్షరమూ వత్తూ కలిసేచోట రెండు గీతలూ కోసేస్తుందట. ముందే కంప్యూటర్‌లో రెంటినీ ఒకటి చేసి పంపాలి. అది నేర్చుకోవడానికి రెండు వారాలు. బ్లేడు కోణం గురించి ఒక వారం. ఒక కాగితం మీద గళ్ళు గీసి ఏ మిషన్‌కు ఏది ఉందో టిక్కులు పెట్టాను. ఆఫీసులో అంత శ్రద్ధగా ఏ ఫైలూ చూడలేదు.

"తమ్మీ, పెండ్లిపిల్లను గూడ గిన్ని దినాలు సూడలేదు నువ్వు" అంది అక్క.

జూన్‌లో బడులు తెరిచారు. వానలు ఆ ఏడు తొందరగానే వచ్చాయి. ఆదివారం ఆదివారం అక్క బిడ్డ నాతో మాట్లాడేది. మిషన్ సంగతి అడిగేది కాదు, మర్యాద తెలిసిన పిల్ల. గుంతలో ఇంకా ఎన్ని మెట్లు బయటికి కనిపిస్తున్నాయో చెప్పేది. మొదట ఏడు. తర్వాత అయిదు. ఒక ఆదివారం, "ఇగ రెండే ఉన్నయ్ మామా" అని, హోంవర్కు ఉందని ఫోన్ పెట్టేసింది.

ఆ రాత్రి గళ్ళ కాగితం తీసి చూశాను. అందులో మెట్లకు గడి లేదు.

తాండూర్‌లోనే, స్టేషన్ దగ్గర, బండ్లకు స్టిక్కర్లు వేసే షాపాయన పాత మిషన్ అమ్ముతున్నాడని బావ చెప్పాడు. సగం రోజు సెలవు పెట్టి రైలెక్కాను. ధారూర్ దాటాక వాన మొదలైంది. తాండూర్‌లో దిగేసరికి పట్టాల మధ్య కంకర కనిపించడం లేదు. బావ మోటారుసైకిలు మీద వచ్చి నన్ను షాపుకు తీసుకుపోయాడు. మిషన్ బాగుంది. బ్లేడు అరిగింది గానీ మారిస్తే చాలు. షాపాయన ఎర్ర రేడియం ముక్క ఎక్కించి, ఏం కోసి చూపియ్యాలని అడిగాడు.

"ప్రమాదం అని కొట్టుండ్రి" అన్నాను.

ఆయన వేళ్ళు కీబోర్డు మీద ఆగిపోయాయి. "మొదటిది దేవుని పేరు కోస్తం సార్. గది తర్వాత జూద్దాం."

చదువుకున్నవాణ్ణి కదా, నవ్వాను. నాకు కావలసింది ఆ మాటేనని, పరీక్ష దానితోనే జరగాలని చెప్పాను. ఆయన బావ వైపు చూశాడు. బావ నా మాటకు అడ్డం రాలేదు. ఎప్పుడూ రాలేదు, అదే కదా గొడవంతా. మిషన్ ముందుకూ వెనక్కూ కదులుతూ కోసింది. అనవసరమైన ముక్కలు నేనే సూదితో పీకాను. అక్షరాలు శుభ్రంగా వచ్చాయి. బాగుందని అంటుండగా బావ ఫోన్ మోగింది.

అక్క. బడి వదిలి గంటైందట, బిడ్డ ఇంకా ఇంటికి రాలేదట.

మోటారుసైకిలు మీద నేరుగా బడి వైపు పోయాము. అక్కడ మట్టితోవ మొదట్లోనే బండి దిగి గుంత దాకా నడిచాము. గుంత నిండింది. అంచున ఎడ్లబండి పట్టేంత తోవ విరిగి నీళ్ళలోకి పోయింది, నల్లమట్టి ఇంకా జారుతోంది. దానికి ఇటువైపు, తోవకు అడ్డంగా, ఎర్ర సైకిలు పడి ఉంది. బ్యాగు లేదు. మనిషి లేదు.

బావ అంచు దాకా పోయి నీళ్ళను చూశాడు. బిడ్డ పేరు పెట్టి పిలిచాడు, పెద్దగా కాదు, పక్కగదిలో ఉన్నవాళ్ళను పిలిచినట్టు. నేను సైకిలు లేపబోయాను. చేతికి ఏదో ఒకటి పని కావాలి.

"మామా, సైకిల్ తియ్యకు."

వెనక, పక్కవాళ్ళ మిల్లు రేకుల కింద నుంచి వస్తోంది, బ్యాగు నెత్తిమీద పెట్టుకుని. నిండా తడిసింది.

"తోవ ఇరుగుతుంటె జూసిన. ఎవరన్న అస్తరేమోనని అడ్డం వడేసిన" అంది. తర్వాత, తప్పు చేసినదానిలా మెల్లగా, "బోర్డు లేదు గద" అంది.

బావ ఆమెను దగ్గరికి తీసుకోలేదు, తిట్టలేదు. కూర్చున్నాడు, బురదలోనే. కాసేపటికి నా జేబులో ఏదో అంటుకుంటున్నట్టుంటే తీశాను. షాపులో కోసిన ఎర్ర అక్షరాలు. తడిసి, మడతపడి, ఒకదానికొకటి అతుక్కుపోయాయి.

మిషన్ మర్నాడు కొన్నాను. బోర్డు వారంలో నిలబెట్టాను. లైటు పడితే బాగా మెరుస్తుంది, పెయింటర్ కూడా మెచ్చుకున్నాడట. మూడు నెలలు దేనికి పట్టాయని ఇప్పటిదాకా ఎవరూ నన్ను అడగలేదు. అడగకపోవడం కూడా బామ్మర్దికిచ్చే మర్యాదే.

ఇప్పుడు తోవ చుట్టు తిరిగి పోతుంది. అయినా తాండూర్ పోయినప్పుడల్లా బోర్డు దగ్గరికి పోయి, అక్కడి నుంచి గుంత అంచుకు ఎన్ని అడుగులో వేసి చూస్తాను. నిలబెట్టిననాడు పదకొండు. మొన్న ఆరు. బోర్డును ఎవరూ జరపలేదు.