థమ్ అన్నారా, దమ్ అన్నారా?

మా ఉస్తాద్ పోయారు. కబురు అందేసరికి నేను పోటీ మైదానంలో కూర్చుని బూట్లలోంచి నీళ్లు వంపుకుంటున్నాను.

మిలిటరీలో డ్రిల్లు నేర్పేవాణ్ణి ఉస్తాద్ అంటారు. ఆయన హవల్దారుగా రిటైరై యాప్రాల్‌లో ఉండేవారు. సైన్యంలో చేరకముందు రోజూ గుండ్లపోచంపల్లి నుంచి సైకిల్ మీద ఆయన దగ్గరికి ట్రైనింగ్‌కు వెళ్లేవాణ్ణి. మొదటిరోజే నవ్వులపాలయ్యాను. పరుగులో ఉండగా ఆయన "థమ్!" అని అరిచారు. ఆగు అని దానర్థం. నాకేం తెలుసు? "దమ్" అని వినబడింది. దమ్ము చూపించమంటున్నారనుకుని ఇంకా జోరు పెంచాను. పోయి పోయి గేటుకు గుద్దుకున్నాను.

"ఏందిరా, ఆగమంటే ఉరుకుతున్నవ్?"

"దమ్ అంటిరి గద సార్!"

నోట్లోంచి ఈల జారిపోయేలా నవ్వారు. ఆ తర్వాత నన్ను పేరుతో పిలిస్తే ఒట్టు. "ఓ దమ్ము!" అనేవారు.

నీళ్లంటే నాకు చచ్చేంత భయం. నడుముకు తాడు కట్టి షామీర్‌పేట చెరువులో దింపితే ఆయన చేతులు రక్కేసేవాణ్ణి. ఒక్కనాడూ పిరికోడా అనలేదు. "భయమున్నోడే బూటు లేసు రెండుసార్లు జూస్కుంటడు. ఉండనియ్‌రా," అనేవారు.

సైన్యంలో జట్ల మధ్య జరిగే ఈ పోటీలో చివరన పూర్తి సామానుతో ఎత్తు మీంచి నీళ్లలోకి దూకాలి. ఒక్కడు ఆగిపోయినా జట్టంతా ఔటే. బయల్దేరే ముందు ఆయన్ని చూడబోయాను. మంచంలో ఉన్నారు, ఊపిరి అందడం లేదు. నా చెయ్యి పట్టుకుని ఒకే మాట అన్నారు. థమ్ అన్నారా, దమ్ అన్నారా? మళ్లీ అడిగితే ఉండిపొమ్మంటారేమోనని పారిపోయినట్టే వచ్చేశాను.

నీళ్ల మీదికి చాచిన దూకుడు పలక ఎక్కాను. లేసు రెండుసార్లు చూసుకున్నాను. నీళ్ల భయం సరే, ఆయన నిజంగా ఆగమనే అన్నారేమోనన్న భయం అంతకంటే ఎక్కువైంది. వెనక మావాళ్లు అరుస్తున్నారు. కళ్లు మూసుకుని దూకేశాను.

ఆ సాయంత్రమే యాప్రాల్ చేరాను. ఆయన భార్యను అడగలేక అడగలేక అడిగాను. "అమ్మా, ఉస్తాద్ నన్ను ఉండమన్నరా?"

"పొద్దుగాల్నే పోయిండు బిడ్డా. నువ్వు నీళ్లల్ల దుంకి ఒడ్డెక్కేదాంక ఫోన్ జెయ్యొద్దని రాత్రే నాతోని ఒట్టేయించుకున్నడు," అంది.

ఆయన ఈల తెచ్చి నా చేతిలో పెట్టింది. అది ఇప్పుడు నా యూనిఫాం జేబులోనే ఉంటుంది. ఇంతవరకు ఊదలేదు. ఊదితే అందులో మిగిలిన ఆయన దమ్ము అయిపోతుందేమోనని భయం.