మామ చేతికి తెలియని వేడి

పోయిన బుధవారం పొద్దున గుడియాత్తం నుంచి మా అత్త ఫోన్ చేసింది. "మామ పోయినాడప్పా. నీ వ్యాను తీసుకోని రా" అని పెట్టేసింది. ఆ వ్యానుకు పవర్ స్టీరింగు బిగించింది మామే. ఆయన జబ్బు బయటపడిందీ ఆ వ్యాను కిందే.

మామ మా అమ్మకు తమ్ముడు. గుడియాత్తంలో రేకుల షెడ్డు వేసుకుని చాలా ఏళ్ళు డీజిల్ బండ్లు బాగుచేశాడు. బోల్టు ఎంత బిగిసిందో ఆయనకు వేళ్ళే చెప్పేవి. ఏ బండి వచ్చినా ముందు స్టీలు గ్లాసు నిండా నీళ్ళు పోసి, నడుస్తున్న ఇంజను మీద పెట్టేవాడు. నీళ్ళు అంచు దాటకపోతే ఇంజను మంచిదే. "అది మాట్లాడతాది, మీరు నోరు మూసుకోండి" అనేవాడు. షెడ్డు మూసేసే ముందు రోజుల్లో పొగలు కక్కే టీ గ్లాసును గుడ్డ లేకుండా పిడికిట్లో పట్టుకుని తాగేవాడు. మామ చేతులు ఇనుమని ఊరంతా చెప్పుకుని మురిసిపోయాను. బుద్ధిలేనివాణ్ణి.

నేను వేలూరులో ఇళ్ళు కట్టిస్తాను. పనివాళ్ళను రోజూ గుడియాత్తం నుంచి నా పాత వ్యానులోనే తీసుకెళ్తాను. గోడ మీది నుంచి పడి భుజం దెబ్బతిన్నాక స్టీరింగు తిప్పలేకపోయాను. మామ వేరే బండి నుంచి ఆయిలు పంపు తెచ్చి, తిప్పడం తేలికయ్యేలా పవర్ స్టీరింగు అమర్చాడు. స్టీరింగు ఒంటివేలితో తిరిగింది. కానీ ఆ రోజు నుంచి, ఎక్కడ ఆపినా ఇంజను వణికేది. అద్దాలు, సీట్లు, మేమూ వణికేవాళ్ళం. పనివాళ్ళు నవ్వేవాళ్ళు. నాకెందుకో నవ్వు వచ్చేది కాదు.

శ్లాబు వేసే రోజు పదిమందిని ఎక్కించుకుని, ఆ వణుకు చూపించి పోదామని షెడ్డు ముందు ఆగాను. మామ గ్లాసు పెట్టాడు. సగం నీళ్ళు ఒలికిపోయాయి.

"అందురూ దిగండి."

"ఆడ కాంక్రీటు కలపతా ఉండారు మామా. సాయంత్రం చూడు."

"కాంక్రీటు మళ్ళా కలుపుకోవచ్చు. దిగండప్పా."

నాకు ఒళ్ళు మండింది. ఆయన తొందరపడలేదు. స్టీరింగు ఆ చివరికీ ఈ చివరికీ తిప్పించాడు. వణుకు మారలేదు. పంపు బెల్టు తీసేశాడు. అయినా అంతే. డీజిల్ పైపులు ఒక్కొక్కటే వదులు చేసి నాలుగు సిలిండర్లూ బాగున్నాయని తేల్చుకున్నాడు. "మంట బాగుండాది. ఇంజను కూర్చున్న చోటే బాగలేదు" అంటూ ఇంజను ఆపించి బండి కిందికి దూరాడు. కాసేపటికి నన్నూ పిలిచాడు.

"ఈ బోల్టు పట్టుకో నాయనా. ఎట్లుండాది?"

ఇంజనును రబ్బరు దిమ్మ మీద నిలిపే బోల్టు అది. పంపు పెట్టడానికి విప్పి, తిరిగి బిగించింది ఆయనే. "వేళ్ళతోనే తిరగతా ఉండాది మామా" అన్నాను. ఇంజను పక్కకు జరిగి స్టీరింగు ఆయిలు పైపు తెగితే, వేలూరు దారిలోని పాలారు వంతెన దగ్గరి మలుపులో నా భుజం ఆ బండిని తిప్పగలిగేది కాదు.

మామ బయటికి వచ్చి అందరి ముందూ చెప్పాడు. "నేను బిగించిందే. బిగిసిందని అనుకుంటిని." నా వైపు చేతులు చాపాడు. "రెండు నెల్లుగా వేళ్ళకు ఏమీ తెలస్తా లేదు. టీ వేడి కూడా."

నేను స్పానరు తీసుకుని మళ్ళీ బండి కిందికి దూరాను.

ఆ బోల్టు నా చేతే బిగించాడు. "ఇంకా. ఇంకా. ఇప్పుడేమి తెలస్తా ఉండాది?"

"ఇంక తిరగదు మామా."

"పోదుం, చాలు. అది గుర్తుపెట్టుకో."

ఆ రోజే షెడ్డుకు తాళం వేసి, నా వ్యానులోనే వేలూరు డాక్టరు దగ్గరికి వచ్చాడు. మందులు వాడినా తిమ్మిరి వేళ్ళ దగ్గర ఆగలేదు. మోచేతులకు, కాళ్ళకు, చివరికి ఊపిరికి పాకింది. ఆ తప్పు దాచుకుని ఉంటే ఆయనకంటే ముందు మేం పోయేవాళ్ళం. ఆయన మీద విసుక్కున్నందుకు ఇప్పటికీ సిగ్గుపడుతున్నాను.

బుధవారం మామ ఇంటి ముందు వ్యాను నిలిపాను. చేతులు ఊరుకోక, గ్లాసు నిండా నీళ్ళు పోసి ఇంజను మీద పెట్టాను. ఎవరో ఇంజను ఆపమని కేకేశారు. ఆపలేదు. నీళ్ళు అంచు దగ్గరే నిలిచాయి. కాటికి తీసుకెళ్ళడానికి మామను తెచ్చి వ్యాను వెనక పడుకోబెట్టారు. బండి కాస్త కుంగింది. అప్పుడు ఒక్క చుక్క అంచు దాటి కిందికి జారింది.