నేల కంటే ముందే తాగేశాను

రెండు వేల నాలుగు ఎండాకాలం. చండ్రుగొండలో కొత్తగా టీచరుగా చేరిన నేను, ఇద్దరు స్నేహితులతో జీపు కిరాయికి మాట్లాడుకుని, భద్రాచలం వైపు అడవి పల్లెల్లో ఊరూరా కల్లు రుచి చూస్తూ తిరిగాను. మూడో ఊళ్లో ఒక ముసలాయన అందరికీ ఆకు డొప్పల్లో జీలుగు కల్లు పోశాడు. దాహం మీద గటగటా తాగేశాను. తల ఎత్తితే, ఊరివాళ్లంతా నిండు డొప్పలతో నన్నే చూస్తున్నారు.

"ఏంది సారూ, మొదటి చుక్క నేలకు పొయ్యాలె గద. పోయిన మా పెద్దలు ఇంకా తాగలే," అన్నాడాయన.

సిగ్గుతో చచ్చిపోయాను. ఆయనే నా డొప్ప మళ్లీ నింపి, "ఇప్పుడు పొయ్యి. నీ పెద్దలకు గూడ," అన్నాడు.

ఆ ఏడే పోయిన మా నాన్నకు పోశాను.

ఇప్పటికీ చాయ్ తాగబోతే నా చెయ్యి కాస్త వంగుతుంది. గచ్చు పాడవుతోందని మా ఆవిడ విసుక్కుంటుంది.