శనివారం కిందికి పోయే గీత

నేను చదివింది ఐదో తరగతే, అదీ తమిళంలో. రాత బాగుండదు, కోపపడకండి.

మాది తమిళ సీమలో కినత్తుకడవు. మా అమ్మాయి పీలమేడులో ఇంజనీరింగ్ చదువుతోంది. అంకెలను కంప్యూటర్‌లో గీతగా చూపించడం కొత్తగా నేర్పారట. పోయిన పెరటాసిలో, అంటే పెరుమాళ్ళ నెలలో, సెలవుకు వచ్చి, మా అత్త షుగరు మిషన్‌లోని అంకెలన్నీ ఎక్కించింది.

"అమ్మా, ఇంద చూడు. శనివారమైతే గీత ఇంత కిందికి పోతాది. అవ్వ ఆనాడు ఏం తింటాది?"

"పెరుమాళ్ళ ఒక్కపొద్దు కదే. పూజ అయ్యేదాకా ఏమీ తినదు, పొద్దున షుగరు మాత్ర మట్టుం వేసుకుంటాది. షుగరు తగ్గితే మంచిదే కదా?"

అమ్మాయి గబుక్కున లేచింది. "తినకుండా మాత్ర వేసుకుంటే ప్రాణానికే ముప్పు. ఈనాడూ శనివారమే అమ్మా."

ఇద్దరం పూజగదికి పరిగెత్తాం. అత్త గోడకు ఆనుకొని ఉంది, ఒళ్ళంతా చెమట. కళ్ళు తెరిచే ఉన్నా నన్ను గుర్తుపట్టలేదు. నేను అత్తను పట్టుకుని కూర్చున్నాను. అమ్మాయే చక్కెర నీళ్ళు కొంచెం కొంచెంగా తాగించింది.

కాసేపటికి అత్త, "పూజ కాకముందే నోట్లో ఏం పోస్తిరే?" అని తిట్టింది. ఆ తిట్టు విని ఏడ్చేశాను.

అవి మేం రోజూ చూసిన అంకెలే. తగ్గితే దేవుడి దయ అనుకున్నాం. నా తప్పులు మన్నించండి.