కోతన్న అంగడిలో దాసమ్మ మేక

బెంగుళూరు టీవీలో ‘మంగణ్ణన అంగడి’ వచ్చే రోజుల్లో నిడుగల్లు పిల్లలకు ఆదివారం పొద్దున తొమ్మిది కొట్టడమంటే పండగ. కన్నడ పేరు నోరు తిరగక కాదు, ప్రేమ ఎక్కువై దాన్ని ‘కోతన్న అంగడి’ చేసుకున్నారు. గుడ్డతో కుట్టిన కోతి ఒకటి అంగడి పెట్టుకుని కూర్చుంటుంది. ఉప్పూ పప్పూ కాదు, కథలు అమ్ముతుంది. కథకు వెల ఒక బొమ్మ. పిల్లలు గీసి పోస్టులో పంపిన బొమ్మలను, చివర్లో పేరూ ఊరూ చదివి గోడకు తగిలిస్తుంది. నిడుగల్లు పిల్లలు పెద్దవాళ్లయి, పెళ్లిళ్లయి, పావగడ బస్టాండులో ఎదురుపడినా ఆ కోతి గొంతుతోనే పలకరించుకునేవాళ్లు. అయితే ఆ కోతిని అందరికంటే ఎక్కువగా ప్రేమించింది పిల్లలెవరూ కాదు. నలభై దాటిన దాసమ్మ.

గొర్రెలు కాసే ఇంట పుట్టింది దాసమ్మ. బడి గడప తొక్కలేదు. కోటకొండ బండల నిండా సుద్దముక్కతో గొర్రెలనూ మేకలనూ గీసుకుంటూ పెరిగింది. వాన పడితే అవన్నీ కడుక్కుపోవాల్సినవే. ఆ సీమలో వాన తక్కువ గనక ఏళ్లకేళ్లు నిలిచేవి. మొగుడు పోయాక మండల పంచాయితీ ఆఫీసు ఊడ్చే పని దొరికింది. అక్కడ చెక్కపెట్టెలో ఊరుమ్మడి టీవీ ఉండేది, దాని తాళం దాసమ్మ దగ్గర ఉండేది. ఆదివారం పెట్టె తెరిచి, పిల్లలందరి వెనక గోడకానుకుని కూర్చునేది. “పిల్లకాయలు దాన్ని పగలగొడితే ఎవురు జవాబు చెప్పేది?” అని పైకి అనేది. నమ్మినవాళ్లు నమ్మారు.

ఒకరోజు పాత క్యాలెండరు వెనక బొగ్గుతో మేకను గీసింది. మేక ముందుకాళ్లు తుమ్మచెట్టుకు ఆనించి, మెడ సాచి కొమ్మ అందుకుంటోంది. కింద దాని పిల్ల పాలకోసం ఎగిరెగిరి పొదుగు అందక దిక్కులు చూస్తోంది. తమ్ముడి కూతురు, పదేళ్ల కాటమ్మ, చూసి పకపకా నవ్వింది.

“అత్తా, దీన్ని కోతన్నకు పంపిద్దామా?”

“పన్నెండేండ్ల లోపు పిల్లకాయలు గీసిందే కావల్లంట గదే.”

“నా పేరు రాస్తా. ఎవురికి తెలుస్తాది?”

వద్దు వద్దంటూనే దాసమ్మ పోస్టుకవరు తెప్పించింది. నెల తిరిగాక ఒక ఆదివారం కోతి, వచ్చే వారం ఎవరెవరి బొమ్మలు చూపిస్తుందో చదువుతూ “నిడుగల్లు, కాటమ్మ” అంది. పిల్లల కేకలకు ఆఫీసు పైకప్పు ఎగిరిపోలేదంటే గట్టిగా కట్టారనే చెప్పాలి. దాసమ్మ ఎవరికీ ముఖం కనపడకుండా చీపురు వెతుక్కుంది. తను గీసిన మేక లోకమంతా చూడబోతోంది. ఆ వారమంతా ఆమెకు అన్నం సహించలేదు.

సరిగ్గా ఆ వారమే పెద్దలు కూర్చున్నారు. వరసగా రెండేళ్లు వేరుశనగ ఎండిపోయింది. మూడో ఏడు విత్తే కాలం దాటిపోతున్నా చినుకు లేదు. ఊరికి పట్టిన కీడు పోవాలంటే అగ్గిపాడు చేయాలన్నారు. అంటే ఆ రోజు ఊళ్లో పొయ్యి వెలగకూడదు, దీపం పెట్టకూడదు. జనం, గొడ్డూ గోదా, కోళ్లతో సహా తెల్లవారకముందే ఊరు వదిలి, పొలిమేర అవతల వండుకుని తిని, పొద్దుగుంకాక తిరిగి రావాలి. మధ్యలో కావలి మనిషి తప్ప ఎవరు ఊళ్లో అడుగుపెట్టినా వాన రాదు. ఆ అడుగుపెట్టినవాళ్లకు ఊళ్లో మంచినీళ్లు కూడా పుట్టవు. రోజేమో ఆదివారం.

పిల్లలు ఏడ్చారు. ఒక కుర్రాడు ధైర్యం చేసి, టీవీకి అగ్గి అక్కర్లేదు కదా అని అడిగాడు. ఊరి పెద్ద చిక్కన్న కొట్టిపారేశాడు. “కరెంటు గూడా అగ్గే కదప్పా. ముట్టుకుంటే కాలదా? దాసమ్మా, ఆపీసులో మెయిను నువ్వే ఆపి రావల్ల.”

తనే ఆపి వచ్చింది.

ఆదివారం ఎండ ఎక్కేసరికి ఊరంతా ఎండిన వంక దాటి బీడు నేలలో ఉంది. కాటమ్మ బిక్కముఖంతో రాళ్లు ఏరుతోంది. దాసమ్మ పొద్దు చూసింది. మళ్లీ చూసింది. పోతే ఊరి కీడంతా తన నెత్తిన పడుతుంది. పోకపోతే తన మేక వచ్చి పోతుంది, తను చూడకుండానే. “పుల్లలు ఏరుకొస్తా” అని ఎవరికని కాకుండా చెప్పి కంపచెట్ల చాటున వంగి నడిచింది.

ఖాళీ ఊరు ఎట్లా ఉంటుందో ఆమె ఎన్నడూ చూడలేదు. కుక్క లేదు, కోడి లేదు. తన కాలి చప్పుడే తనను తరుముతున్నట్టుంది. కావలి ఉన్నది మరిది నల్లప్ప. అతని కర్ర చప్పుడు పైవీధిలో టక్కు టక్కుమంటోంది. అది దూరమయ్యేదాకా గోడకు అంటుకుపోయి నిలబడి, ఒక్క ఉదుటున ఆఫీసులో దూరింది. మెయిను వేసింది. పెట్టె తాళం తీసి టీవీ పెట్టింది.

కరెంటు ఉంది! కోతి అప్పటికే కథ మొదలుపెట్టేసింది. గొంతు ఎంత తగ్గించినా ఆ ఖాళీ ఊళ్లో అది దండోరాలా వినిపిస్తోంది. బొమ్మలు చివర్లో గానీ రావు. కథలో నక్క ఎన్ని జిత్తులు వేస్తే తనకేం, అది తొందరగా చచ్చి కథ ముగిస్తే చాలని దాసమ్మ పళ్లు నూరింది. కర్ర చప్పుడు కిందివీధికి మళ్లింది. టీవీ ఆపాలా? ఆపితే మళ్లీ తెర వెలగడానికి చాలాసేపు పడుతుంది. చప్పుడు గుమ్మం దాకా వచ్చి ఆగింది. అదే నిమిషంలో తెరనిండా ఆమె మేక వచ్చింది.

ఆమె ఆపలేదు. ఏమైతే అదవుతుందని కళ్లు తెరకు అప్పగించేసింది.

కోతి బొమ్మను ఇటూ అటూ తిప్పి చూసింది. “నిడుగల్లు కాటమ్మ పంపింది. పిల్లలూ, ఈ బొమ్మ పిల్లలు గీసింది కాదు. ఇది బాగా చెయ్యి తిరిగిన పెద్దవాళ్ల పని. కాటమ్మా, పెద్దవాళ్లతో గీయించి నీ పేరు పెట్టుకోవచ్చా? మన అంగడిలో కల్తీ సరుకు పెట్టం” అని కన్నడంలో చెప్పి, బొమ్మను బోర్లించి పక్కన పడేసింది.

దాసమ్మకు చెంప పగిలినట్టయింది. ఆ తిట్టులో ఎంత మెప్పు ఉందో తట్టలేదు. కాటమ్మే కళ్లలో మెదిలింది. ఊరు ఊళ్లో ఉండి ఉంటే ఆ పిల్ల ముందువరసలో కూర్చుని, అందరి ఎదుటా ఈ మాట పడేది. తన ఆశకు పసిబిడ్డను దొంగను చేసింది కదా అని దాసమ్మ నోటికి కొంగు అడ్డం పెట్టుకుని ఏడ్చింది.

వెనక నల్లప్ప నిలబడి ఉన్నాడు.

“వదినా, ఏం పని చేసినావు? ఊరికి తెలిస్తే బతకనిస్తారా?” తెర వైపు చూశాడు. “ఆ మేక... నువ్వు గీసినావా?”

ఆమె తల ఊపింది.

“ఆపు. మెయిను తీసెయ్యి. నువ్వు రాలేదు, నేను సూల్లేదు. పాపకు మాత్రం చెప్పొద్దు.”

పుల్లల మోపుతో ఆమె బీడుకు తిరిగి వచ్చేసరికి ఎవరూ ఏమీ అడగలేదు. పొద్దుగుంకాక ఊరి గుడి దగ్గర కొత్తగా అగ్గి రాజేసి ఇంటింటికీ పంచుతుంటే కాటమ్మ పక్కన చేరింది.

“అత్తా, మన బొమ్మ చూపిచ్చింటారా?”

“చూపిచ్చింటారు లే.”

“అయితే ఇంగొకటి గియ్యి. మళ్లా పంపిద్దాం.”

“ఈ తూరి నువ్వే గియ్యల్ల.”

“నాకు వంకర పోతాదత్తా.”

“పోనీ. వంకర పోయేదే వాళ్లకు కావల్ల” అంది దాసమ్మ. గొంతులో చేదు పిల్లకు తెలియకుండా నవ్వింది.

ఆ ఏడూ వాన రాలేదు. మబ్బు తేలిపోయిన ప్రతిసారీ దాసమ్మ తలదించుకుని నడిచేది. ఊరు తప్పును దేవుడి మీదా, చిక్కన్న మీదా, పూజారి మీదా వేసింది గానీ నల్లప్ప మాత్రం నోరు విప్పలేదు.

కాటమ్మ గీసిన మేక శీతాకాలంలో అంగడి గోడకెక్కింది. నాలుగు కాళ్లూ నాలుగు దిక్కులకు పోయి, మూతి పందిలా ఉంది. కోతి గంతులు వేసి మెచ్చుకుంది. పిల్లలు కాటమ్మను భుజాలకెత్తుకున్నారు. దాసమ్మ కూడా చప్పట్లు కొట్టింది, మనస్ఫూర్తిగానే. అందరూ వెళ్లిపోయాక గుమ్మంలో ఉన్న నల్లప్ప చుట్టూ చూసి మెల్లగా అన్నాడు.

“ఇదేం మేక వదినా! ఆ పొద్దు నీ మేక కొమ్మ తింటాంటే నాకు నమిలే సద్దు వినపడె.”

తన బొమ్మ గురించి దాసమ్మ బతుకులో విన్న మెచ్చుకోలు అదొక్కటే. మళ్లీ ఒకసారి చెప్పమని అడగాలనిపించింది, సిగ్గుపడి అడగలేదు.