పెత్రమాస తర్వాతికి జరిపిన మ్యాచులు

మొన్న దిల్‌సుఖ్‌నగర్‌లో ఆటసామాన్ల దుకాణం ముందు బస్సు కోసం నిలబడితే, లోపలి నుంచి కొత్త రబ్బరు బంతి వాసన గుప్పున వచ్చింది. చిన్నతనం అనగానే కొందరికి మామిడిపండ్లు గుర్తొస్తాయట. నాకు మాత్రం ఓడిపోవడం గుర్తొస్తుంది.

తెలంగాణ వచ్చిన కొత్తలో, చిట్యాల దగ్గరి మా ఊరి హైస్కూల్లో బాస్కెట్‌బాల్ కోర్టు ఉండేది. కోర్టంటే ఎవరో పాత విద్యార్థి ఇచ్చిన ఇనుప స్తంభాలు, మొరం నేల, అంతే. వానాకాలమంతా ఆ ఎర్రమట్టి బంతికీ, మా చేతులకూ, ఇంట్లో అవ్వ ఉతికి ఆరేసిన దుప్పట్లకూ అంటుకుని తిట్లు తినిపించేది. హైవే మీద లారీల హారన్లలో ఆటల సారు ఈల వినపడక మేం ఆడుతూనే ఉండేవాళ్ళం. ఆ ఏడు బాగా ఆడే అక్కలంతా పదో తరగతి పాసై వెళ్ళిపోయారు. మిగిలిన చిన్నపిల్లలతో సారు మళ్ళీ మొదటి నుంచి జట్టు కట్టాడు. అందులో ఆట నిజంగా వచ్చింది మా పక్కింటి శిరీష ఒక్కదానికే. బంతి దొరికితే దానికి అందించడం నా పని.

శిరీషకు స్పోర్ట్స్ హాస్టల్‌కు పోవాలని ప్రాణం. సారు ఇంటికొచ్చి అడిగితే, వాళ్ళ బాపు బీడీ ఆర్పి నిదానంగా చెప్పాడు: "గీ ఏడు మీ జట్టు గెలిస్తె పంపిస్త సారూ. ఓడిపోయే ఆటకు పిల్లను యాడికి పంపాలె? ఇంట్ల ఉంటె పత్తి ఏరనీకన్న వస్తది."

బడుల మధ్య పోటీల షెడ్యూలు రాగానే సారు ముఖం వెలిగిపోయింది. ముందు మా ఊళ్ళోనే, మాలాగే కొత్తగా మొదలుపెట్టిన పోచంపల్లి వైపు జట్టుతో ఆట. ఆ తర్వాత బంతి పట్టడం ఇంకా నేర్చుకుంటున్న పక్క మండలం వాళ్ళతో. గట్టి జట్లయిన నల్గొండ, మిర్యాలగూడ చివరికి. "చిన్నపిల్లల జట్టు, ముందుగాల గెలుపు రుచి తెల్వాలె" అన్నాడు సారు.

అయితే ఆ మొదటి మ్యాచులు పెద్దల అమావాస్య అయిన పెత్రమాసకు ముందటి పక్షంలో పడ్డాయి. చనిపోయిన పెద్దల పేరిట బియ్యం ఇచ్చే ఆ దినాల్లో మా వైపు కొత్త పనేదీ ఎత్తుకోరు. శిరీష వాళ్ళ అవ్వ సారును గడపలోనే పట్టుకుంది.

"పెద్దల దినాలల్ల ఎవ్వలన్న షురువు చేస్తరా సారూ? బతుకమ్మ అయినంక పెట్టుకోండ్రి."

మా అమ్మదీ అదే మాట. అందరి అమ్మలదీ అదే మాట. సారుదీ ఈ నేలే కాబట్టి ఆయనకూ అది సబబుగానే తోచింది. పోటీలు పెట్టేవాళ్ళను బతిమాలితే, వాళ్ళు ముందువాటిని చివరికి తోసేసి, చివరివాటిని ముందుకు తెచ్చారు. మేం సంబరపడ్డాం కూడా. తంగేడు పూల కోసం చేన్ల గట్లన్నీ తిరిగి, నువ్వుల సత్తుపిండి, బెల్లం మలీద ముద్దలు తిని, చప్పట్లు కొట్టీ కొట్టీ అరచేతులు మండించుకుని, దసరా వెళ్ళాక నల్గొండ బస్సెక్కాం.

అక్కడ సిమెంటు కోర్టు మీద మా కాళ్ళు జారాయి. వాళ్ళ పిల్లలు మా తలల మీదుగా బంతి విసురుకున్నారు. మిర్యాలగూడలో శిరీష చుట్టూ ఎప్పుడూ ఇద్దరు కాపలా. అది పడింది, లేచింది, మళ్ళీ పడింది. నేను బంతి అందించడానికి దాని చెయ్యే కనపడలేదు. రెండూ ఓడి తిరుగు బస్సెక్కాం.

అప్పటికి పత్తి పగిలింది. ఒకరి తర్వాత ఒకరు పత్తి ఏరడానికి పోయి ఆటకు రావడం మానేశారు. శిరీష బాపు కేకలేస్తే మేమూ ఏదో ఒకటి అనేవాళ్ళమేమో, ఆయన దాని తల నిమిరి, "ఆడిండ్రు గద బిడ్డా, చాలు. తెల్లారి చేనుకు రా" అన్నాడు. తెల్లారి శిరీష చేనుకు పోయింది.

పక్క మండలం ఆటకు మేం పోనేలేదు. పోచంపల్లి పిల్లలు ఆటోలో మా ఊరొచ్చేసరికి మా వైపు నిలబడడానికి ఐదుగురం కూడా లేం. సారు బండి మీద పత్తి చేనుకు వెళ్ళి, ఒక్కడే తిరిగొచ్చాడు. వాళ్ళు బంతి ముట్టకుండానే గెలిచారు. ఆటో ఎక్కేదాకా ఊరికే ఆడుకుంటూ బుట్టలోకి ఒక్క బంతీ సరిగా వేయలేకపోయారు. నాకు ఏడుపొచ్చింది.

ఇప్పుడు కోర్టు జాగాలో తరగతి గదులున్నాయి. సారు బదిలీ మీద ఎటో వెళ్ళాడు. మా బడిలో ఆడపిల్లల జట్టు మళ్ళీ పుట్టలేదు.

పోయిన ఏడు ఒక పెళ్ళిలో శిరీష కలిసింది. చంకలో కొడుకు. కుశలాలేవీ అడగకుండానే నా చెయ్యి పట్టుకుంది.

"పోచంపల్లోళ్ళ మీద ముందుగాల ఆడుంటె గెలుస్తుంటిమి గదనే?"

"గెలుస్తుంటిమి."

"గా మాట జర మా బాపుకు చెప్పవే."

ఆయన భోజనాల వరుస చివర అన్నం తింటున్నాడు. నన్ను గుర్తుపట్టి, జరిగి పక్కన చోటిచ్చాడు. కూర్చుని, ఆ మ్యాచ్ ముందే పెట్టి ఉంటే మేం గెలిచేవాళ్ళమని చెప్పాను.

"ఏం మ్యాచ్ బిడ్డా?" అన్నాడాయన.

శిరీష అక్కడి నుంచి మా వైపే చూస్తోంది.