ఎనుము, ఎంక్వైరీ, ఈస్టరు

మా హేతువాద సంఘంలో సభ్యులం ముగ్గురం. అధ్యక్షుణ్ణి నేను, కార్యదర్శి నా రూమ్మేటు, కోశాధికారి ఎకనమిక్స్ చదివే పక్క గది వాడు. మామూలు సభ్యులు దొరకలేదు. డెబ్బైల చివర్లో తిరుపతిలో, కిటికీ తీస్తే కొండ కనిపించే హాస్టల్లో కూర్చుని దేవుడు లేడనడానికి ముగ్గురు దొరకడమే ఎక్కువ.

రూమ్మేటు క్రైస్తవుడు. వాళ్ళ నాయన పాకాల రైల్వేలో గ్యాంగ్ మేస్త్రీ. పట్టాలు బాగుచేసే కూలీలకు పెద్ద. రైల్వే కాలనీ చివర రేకుల చర్చిలో ఆదివారం ప్రసంగం కూడా ఆయనదే, పాస్టరు చిత్తూరు నుంచి నెలకొకసారి వచ్చేవాడు. చర్చికి వచ్చేవాళ్ళను ఆయన 'సంఘం' అనేవాడు. మాదీ సంఘమే. వాళ్ళకు సభ్యులు కాస్త ఎక్కువ.

ఏటా ఈస్టరు నాడు ఆ సంఘమంతా తెల్లవారకముందే సమాధుల తోటకు పోయేది. సున్నం కొట్టి పూలు పెట్టిన సమాధుల మధ్య నిలబడి, చనిపోయిన మూడోనాడు యేసు సమాధి నుంచి లేచిన అధ్యాయాన్ని గట్టిగా చదవడం మా రూమ్మేటు పని. పదేళ్ళప్పటి నుంచీ వాడే. మేస్త్రీకి చదువు వచ్చు గానీ తడుముకుంటాడు. కొడుకు గొంతు మాత్రం గూడ్సు బండి కూతలాగా అవతలి వీధికి కూడా వినపడేది.

ఆ ఏడు నేను యేసు కథ చెప్పే నాలుగు సువార్తలనూ పక్కపక్కన పెట్టుకుని ఫుల్‌స్కేప్ కాగితం మీద నాలుగు గళ్ళు గీశాను. సమాధి దగ్గరకు పోయిన ఆడవాళ్ళు మొదటి సువార్తలో ఇద్దరు, రెండోదాంట్లో ముగ్గురు, మూడోదాంట్లో ఇంకా ఎక్కువ, నాలుగోదాంట్లో ఒక్కతే. ఖాళీ సమాధి దగ్గర వాళ్ళకు కనిపించిన దేవదూతలు ఒకచోట ఒకరు, ఇంకోచోట ఇద్దరు. ఒకదాంట్లో ఇంకా చీకటి, ఇంకోదాంట్లో పొద్దు పొడిచింది. చదివేది చరిత్ర కాబట్టి కింద ఎర్ర సిరాతో 'విశ్వసనీయత సందేహాస్పదం' అని రాశాను. మార్కులు వేయలేదు. ఆ మాత్రం వినయం ఉండేది.

రూమ్మేటు ఆ కాగితాన్ని చాలాసేపు చూశాడు. మర్నాడు ఇంటికి కార్డు రాశాడు: "నాకు నమ్మకం లేదు. ఈ ఈస్టరుకు నేను చదవను."

వారంలో జవాబు వచ్చింది. "మట్టల ఆదివారం రా. నీకు చెప్పినవాళ్ళను కూడా పిలుచుకొని రా. సంఘం ముందర అడగనీ. నేను జవాబు చెప్పగలిగితే నువ్వు చదువు. చెప్పలేకపోతే చదవొద్దు. కోపం పెట్టుకోను. భోజనం ఇక్కడే."

మట్టల ఆదివారమంటే ఈస్టరుకు ముందు వచ్చేది. ఆ రోజు మా కోశాధికారికి కొండ మీద గుండు చేయించుకునే పని పడింది. వాళ్ళమ్మ మొక్కు. కాబట్టి ఇద్దరమే పాకాల రైలెక్కాం.

మేస్త్రీని నేనూ నాయనా అనే పిలిచేవాణ్ణి. అంతకు ముందు రెండుసార్లు ఆ ఇంట్లో కోడికూర తిన్నాను, ఆ తర్వాత 'అండీ' అనడం బాగుండదు. ఆ మధ్యాహ్నం మూడోసారి తిన్నాను. రసం రెండుసార్లు పోయించుకున్నాను. తర్వాత అందరం చర్చికి పోయాం. పొద్దున ఊరేగింపులో పట్టుకున్న ఈతమట్టలు ఇంకా గోడవారగా పడి ఉన్నాయి. ముప్పై నలభై మంది చాపల మీద కూర్చున్నారు. మేస్త్రీ స్టూలు మీద కూర్చుని నాకు కుర్చీ వేయించాడు.

నేను కాగితం విప్పి నాలుగు గళ్ళూ చదివాను. బాగానే చదివాననుకుంటాను. ముందు వరసలో ఒక ముసలమ్మ "పాపం, బిడ్డ కష్టపడి రాసుకొచ్చినాడు" అంది.

మేస్త్రీ అంతా విని, "ఇంతేనా అప్పా?" అన్నాడు. "మా సెక్షన్లో ఒకసారి గూడ్సు కింద ఎనుము పడె. ఎంక్వైరీ పెట్టినారు. డ్రైవరు ఒక ఎనుము అనె. గార్డు రెండు అనె. గేటుమాను దూడ గూడా ఉండె అనె. నేను పొద్దు పొడిచిందంటే గార్డు ఇంకా మసకగానే ఉండె అనె. ఆఫీసరు ఏమి రాసినాడో తెలుసునా? ఎనుము సచ్చిందని రాసినాడు. ఇంకోసారి ఇంకో ఎనుము పడితే, నలుగురం కూడబలుక్కోని ఒకే మాట రాసిచ్చినాం. ఆయన కాగితాలు ఎనక్కి ఇసిరేసి, మీకెవురు నేర్పించినార్రా అన్నాడు."

చాపల మీద నవ్వులు. స్టేషన్లో టికెట్లు చూసే టీసీ ఒకాయన ఆ సంఘంలో పెద్ద. ఆయన తొడ మీద చరుచుకుని "సూడు మల్ల!" అన్నాడు.

"అక్కడ సచ్చిన ఎనుము పట్టాల మీద ఉండాది కదా నాయనా," అన్నాను. "ఇక్కడ ఏముంది?"

"ఏమీ లేకపోవడమే కదప్పా ఈడ సమాచారం!"

ఈసారి నేనూ నవ్వాను. కానీ నా దగ్గర ఇంకొకటి ఉంది. "ఎనుము సచ్చిందని నలుగురు చెప్తే నమ్ముతాను. సచ్చిన ఎనుము మూడోనాడు లేచి పాలిచ్చిందని ఆ నలుగురే చెప్తే, మీ ఆఫీసరు ఏమి రాసుండును?"

టీసీ లేచి, "ఏమబ్బా, టికెట్ లేకుండా ఫస్ట్‌క్లాస్ ఎక్కినోడి మాదిరి మాట్లాడతా ఉండావే!" అన్నాడు. మేస్త్రీ చేత్తో ఆయన్ని కూర్చోబెట్టాడు. నవ్వు ఆపుకోవడానికి ఆయన కష్టపడుతున్నాడని నాకు తెలుస్తూనే ఉంది.

"ఆఫీసరు నమ్మడప్పా," అన్నాడు. "నేనైనా నమ్మను. అయితే ఈడ ఆ పాలు తాగినామన్నోళ్ళను, అదే యేసు శిష్యులను, పట్టుకోని కొట్టినారు. జైల్లో ఏసినారు. తాగలేదని సెప్పురా, ఇడ్సిపెడతాం అన్నారు. ఒక్కడూ అనలే. అబద్ధానికి ఎవుడైనా అన్ని తన్నులు తింటాడా?"

"తింటారు నాయనా. మా హాస్టల్లోనే వార్డెను చేతిలో తిన్నోళ్ళు చాలామంది ఉండారు."

"వాళ్ళు అబద్ధమని తెలిసి తిన్నారు. తన్నులు పడంగానే నిజం కక్కినారా లేదా?"

కక్కారు. ఒకరిద్దరి విషయం నాకు స్వయంగా తెలుసు. నిజమని నమ్మి తన్నులు తిన్నంత మాత్రాన అది నిజమైపోదని అన్నాను, అది సరైన మాటే, ఇప్పటికీ అంటాను. కానీ ఆ మధ్యాహ్నం దానికి ఎవరూ తొడ చరుచుకోలేదు. 

కాగితంతో పాటు తెచ్చుకున్న చీటీలో ఇంకొక్క ప్రశ్న మిగిలింది. కాలేజీ లైబ్రరీలో దొరికిన ఆ ప్రశ్నే అన్నిటికన్నా గట్టిది. దాన్ని ఆఖర్న వేయాలని దాచుకున్నాను. ఆ స్టూలు మీది మనిషిని చూశాక, అన్నం పెట్టిన గంటకే దాన్ని వేయడం తొందరపాటు అనిపించింది. చీటీ మడిచి జేబులో పెట్టుకున్నాను. టీసీ "గెలిచినాం!" అని చప్పట్లు మొదలుపెట్టాడు.

అప్పుడు, అంతసేపూ గోడకానుకుని ఉన్న నా రూమ్మేటు లేచాడు.

"నాయనా, ఒకటి అడగాల. నేను ప్రతి ఏడూ సమాధుల కాడ సదివేది రెండో సువార్తే కదా. పాత చేతిరాత ప్రతుల్లో, ఆడోళ్ళు భయపడి పారిపోయినారు, ఎవురికీ ఏమీ సెప్పలే అన్నకాడే అది ఆగిపోతాదంట. యేసు వాళ్ళకు కనపడినాడు అనేదంతా తర్వాత ఎవురో కలిపిందంట. అవునా కాదా?"

అది నా చీటీలోని ప్రశ్నే.

కాదని మేస్త్రీ అని ఉంటే అక్కడ కాదనగలిగేవాళ్ళు మా ఇద్దరు తప్ప లేరు. మా మాట ఆ చాపల మీద చెల్లదు. ఆయన లేచి అలమర తెరిచాడు. రిటైరై పోతూ ఒక ఆంగ్లో-ఇండియన్ డ్రైవరు ఇచ్చిన ఇంగ్లీషు బైబిలు తీశాడు. వెతుక్కోకుండానే పేజీ తిప్పాడు.

"అవును," అన్నాడు. "ఈడ అడుగున సన్నక్షరాల్లో ఏసుండాది. కూడబలుక్కోని సదివినా. శానా ఏండ్లయింది."

"మల్ల నాకెందుకు సెప్పలే?"

"నువ్వు సదవతా ఉంటే బాగుండె," అన్నాడు మేస్త్రీ.

టీసీ ఆగలేకపోయాడు. "మిగతా మూడిట్లో కనపడినాడని ఉండాది కదా మేస్త్రీ! అది సెప్పు!"

"అది వేరే మాటప్పా. వాడు అడిగింది దీన్ని గురించి. దీనికి నా కాడ జవాబు లేదు." కొడుకు వైపు తిరిగి, "సదవొద్దులే నాయనా," అన్నాడు.

చప్పట్లు కొట్టినవాళ్ళు చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక చాపలు చుట్టడం మొదలుపెట్టారు. అధ్యక్షుడిగా నేను సంతోషించాల్సిన సమయం అది. నేనూ ఒక చాప చుట్టాను.

సాయంత్రం తిరుపతి ప్యాసింజరు ఎక్కించడానికి మేస్త్రీ స్టేషనుకు వచ్చాడు. ప్లాట్‌ఫారం మీద టీసీ ఎదురై, "ఏమప్పా మేస్త్రీ, నీ నోటితో నువ్వే కొడుకును పోగొట్టుకుంటివే," అన్నాడు.

"వచ్చేటప్పుడు రానీలే అప్పా," అన్నాడు మేస్త్రీ, "మూడో దినమే లేయాలని వీడికేమీ రూలు లేదు కదా."

రూమ్మేటు కిటికీ వైపు తిరిగి కూర్చున్నాడు.

ఈస్టరు పొద్దున వాడు హాస్టల్లోనే ఉన్నాడు. నాలుగ్గంటలకే మేలుకున్నాడు, నేనూ మేలుకునే ఉన్నాను, ఇద్దరం నిద్రపోతున్నట్టు పడుకున్నాం. హేతువాదులు మరీ అంత పొద్దున్నే లేవాల్సిన పని లేదు.

బుధవారం వాడి చెల్లెలి ఉత్తరం వచ్చింది. సమాధుల తోటలో నాయనే చదివాడట. పెట్రోమాక్సు పట్టుకుని, తడుముకుంటూ, రెండో సువార్తే. ఆడవాళ్ళు భయపడి పారిపోయారు, ఎవరికీ ఏమీ చెప్పలేదు అన్నచోట పుస్తకం మూసేశాడట. తర్వాతిది వస్తుందని అందరూ నిలబడే ఉన్నారట. కాసేపటికి టీసీ పాట ఎత్తుకున్నాడట.

రూమ్మేటు ఉత్తరాన్ని రెండుసార్లు చదివి మడిచాడు.

"ఆడిదాకా అయితే," అన్నాడు, "నేనే సదివుందును కదప్పా."

మరుసటి ఏడు చదివాడు కూడా, అక్కడిదాకే. నమ్మి చదివాడా అని అడిగే హక్కు సంఘాధ్యక్షుడిగా నాకుంది. అడగలేదు.